మసిగుడ్డ కాకముందే

బెల్లంపల్లిలో మా సింగరేణి క్వార్టర్ గోడకి నాన్న గని టోపీ ఇప్పటికీ వేలాడుతోంది. అక్క కబడ్డీ బనీను మసిగుడ్డయి చాన్నాళ్లయింది. ఏది దాచాలో ముందు ఇల్లే తేలుస్తుంది.

పేరున్న క్రీడాకారుల వస్తువులూ తలో దారి పడతాయి. టోక్యో ఒలింపిక్స్ తర్వాత ప్రధానికి బహూకరించిన పి.వి. సింధు రాకెట్, నీరజ్ చోప్రా ఈటె 2021లో వేలానికొచ్చాయి. 2022లో నీరజ్ ఇచ్చిన మరో ఈటె లొసాన్‌లోని ఒలింపిక్ మ్యూజియం చేరింది. వేలం వస్తువుకి ధర కడుతుంది. మ్యూజియం చరిత్రలో చోటివ్వాలి. అందుకు దానపత్రం, రిజిస్టర్లో సంఖ్య, ఎవరు ఎప్పుడు ఎక్కడ ఆడారన్న నమోదు ఉండాలి. అవి లేకపోతే అక్కడా బనీను ఉత్త గుడ్డే.

అక్క పతకం మాత్రం మిగిలింది. ఎవరికైనా ఇచ్చే ముందు, దాని కథ అక్కచేతే చెప్పించి రాసుకుంటున్నాను.