ఊక, మట్టి, ఉక్కు

ప్రయోగశాల లేనిదే విజ్ఞానశాస్త్రము నెట్లు బోధింతుమని పల్లెబడి ఉపాధ్యాయులు చింతించుట మేము వినియున్నాము. ఆ చింత న్యాయమైనదే. కాని ఉత్తర తెలంగాణ చరిత్ర మరియొక మాట కూడ చెప్పుచున్నది.

నిర్మల్ పట్టణమునకు దక్షిణమున, గోదావరి కీవల, పూర్వపు కరీంనగరు జిల్లా సరిహద్దునకు చేరువగా కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చటి ఉక్కు కొలుములను చూచి భూగర్భశాస్త్రజ్ఞుడు వాయిసీ వ్రాసిన వ్యాసము 1832లో ప్రకటితమైనది. ఆ కమ్మరుల సామగ్రి యేమి? ఊక కలిపి పిసికిన మట్టిమూస, రెండు తావుల ఇనుము, గాజుపెంకులు, బొగ్గు, తోలుతిత్తులు. ఒక పగలు, ఒక రేయి ఎడతెగక మంట నూదిరి. ఊకలోని సిలికా మూసకు వేడి నోర్చు బలమిచ్చెను. ఇనుములు రెండును కరగి కలిసి, తగుపాటి కర్బనము గల ఉక్కుముద్ద యయ్యెను. దానికై ఇస్ఫహాన్ నుండి వచ్చిన పారశీక వర్తకు డొకడు ఆ యూరనే యుండెను.

1819లో లండను నగరమున భారతదేశపు ఉక్కును పరిశోధించినవాడు మైకేల్ ఫారడే. ఆయనయు కమ్మరి కుమారుడే. తరువాతి కాలమున ఆయన ఒక్క మైనపువత్తిని ముందుంచుకొని బాలబాలికలకు రసాయనశాస్త్రమును బోధించెను. ఆ యుపన్యాసములు 1861లో గ్రంథరూపమున వెలువడి నేటికిని చదువబడుచున్నవి.

కోనసముద్రపు విద్యకు అట్టి గ్రంథము లేకపోయెను. అది తండ్రి చేతినుండి కొడుకు చేతికి మాత్రమే వచ్చినది. చౌకయైన విదేశపు ఇనుము వచ్చి కొలుము లారగానే, విద్యయు మరుగుపడెను. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును, బెంగళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును ఈ జిల్లాల పొలములలో ఇనుపచిట్టెపు కుప్పలను వెదకి, ఆ చరిత్రను కూర్చవలసి వచ్చెను.

చేతిపనిని ప్రశ్నించి వ్రాసియుంచుట బడి చేయదగిన పని. చాలచోట్ల వాగుటిసుకలో సూదంటురాయి త్రిప్పినచో నల్లని రజను అంటుకొనును; పూర్వు లినుము తీసిన ఇసుక అట్టిదే. వట్టిమట్టి ఉండ నొకదానిని, ఊక కలిపిన ఉండ నొకదానిని ఆరబెట్టి, పెద్దలు దగ్గరనుండి నిప్పులలో కాల్చి, ఏది పగులునో చూపుడు. కారణము మీరు చెప్పకుడు. పిల్లలనే వెదకనిండు, వ్రాయనిండు. శ్రోతలైన తలిదండ్రులారా, ఇందులకు కావలసినదెల్ల మీ పెరటిలోనే యున్నది.