దీర్ఘకాలిక దురద: సైబరాబాద్ ఐటీ ప్రాంతం

ఆరు వారాలు దాటినా వదలని దురదను వైద్యులు దీర్ఘకాలిక దురద అంటారు. దీనికి పొడిబారిన చర్మం, ఎగ్జిమా, తామర, గజ్జి, మొక్కల ఎలర్జీ, కిడ్నీ, లివర్ జబ్బులు, ఏవైనా కారణం కావచ్చు. గోకుడు మాత్రం అందరికీ ఒకటే. గోక్కోవాలనిపించే బాధే దురద అని 1660లో జర్మన్ వైద్యుడు శామ్యూల్ హాఫెన్‌రెఫర్ ఇచ్చిన నిర్వచనం నేటికీ చెలామణిలో ఉంది.

చరకసంహిత దురద తగ్గించే పది ద్రవ్యాలను ఒక వర్గంగా చెప్పింది. వేప, కానుగ, రేల, ఆవాలు, మానుపసుపు అందులోవే. యూరప్‌లో 1687లో బోనోమో, చెస్తోని గజ్జికి మూలమైన పురుగును సూక్ష్మదర్శినిలో చూసి వర్ణించారు. 20వ శతాబ్దంలో అందరి చూపూ దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం మీదికి మళ్లింది. తొలి యాంటీహిస్టమిన్ 1937లో డేనియల్ బోవే చేతుల మీదుగా వచ్చింది. ఆయనకు 1957లో నోబెల్ దక్కింది. దాంతో దురదంటే ఎలర్జీ, ఎలర్జీ అంటే సెట్రిజిన్ అనే లెక్క జనంలో స్థిరపడింది. ఆ లెక్క సగమే నిజం. దద్దుర్లకు ఆ మాత్ర బాగానే పనిచేస్తుంది, ఎగ్జిమా దురదకో కిడ్నీ దురదకో అంతగా పనిచేయదు. దురద అంటే తక్కువ మోతాదు నొప్పేనన్న పాత అభిప్రాయాన్ని 1997లో జర్మనీలో మార్టిన్ ష్మెల్జ్ బృందం దెబ్బతీసింది. దురద కబురు మోసే ప్రత్యేక నరపు పోగులను వాళ్లు మనుషుల్లోనే గుర్తించారు.

ఇక సైబరాబాద్ సంగతి. ఇక్కడి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు బండరాళ్ల మధ్య ఊళ్లు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమయ్యాక భవనాలు లేచాయి, వాటి పక్కన ప్రహరీ కట్టి వదిలేసిన ప్లాట్లూ మిగిలాయి. అలాంటి ఖాళీ జాగాలే వయ్యారిభామకు పుట్టిళ్లు. 1950ల్లో పుణె దగ్గర కనిపించిన ఈ అమెరికా ఖండపు మొక్క దేశమంతా పాకింది. దీనిలోని పార్థెనిన్ చాలా మందికి పడదు. ఎండిన ఆకుల పొడి గాలికి లేచి కనురెప్పల మీద, మెడ మడతల్లో, మోచేతి ముడతల్లో చేరి మంట, దురద పుట్టిస్తుంది. దీన్ని తినే పెంకు పురుగును 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చి, తర్వాత పొలాల్లో వదిలారు. వానాకాలంలో పురుగు ఆకులను జల్లెడ చేస్తుంది కానీ మొక్క అంతరించలేదు.

ఇంతకంటే పెద్ద కథ తామరది. గజ్జల్లో చెమట, బిగుతు జీన్సు, గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం... ఫంగస్‌కు ఇంకేం కావాలి? మందుల షాపులో చీటీ లేకుండా దొరికే క్రీములో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మూడూ కలిసి ఉండేవి. రాసిన రెండు రోజుల్లో దురద మాయం. జబ్బు మాత్రం పోదు. స్టెరాయిడ్ దెబ్బకు తామర అంచున ఉండే ఎర్రటి గుండ్రటి గీత చెరిగిపోతుంది, మచ్చ తొడల మీదికి, నడుము మీదికి పాకుతుంది. క్రీము ఆపగానే రెట్టింపు దురద, మళ్లీ అదే ట్యూబు. కొన్నాళ్లకు చర్మం పలచబడి చారలు పడతాయి. ఈలోగా టెర్బినఫిన్ అనే యాంటీఫంగల్ మందుకు లొంగని ఫంగస్ దేశమంతా వ్యాపించింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. 2023లో న్యూయార్క్‌లోనూ బయటపడింది. అంతకుముందే, 2018 మార్చిలో, కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది. నిబంధన మంచిదే, కౌంటర్ దగ్గర అది ఎంత నిలబడుతుందన్నదే ప్రశ్న.

ఒకే గదిలో నలుగురైదుగురు ఉండే హాస్టళ్లలో రాత్రిళ్లు దురద పెరిగి, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర పొక్కులొస్తే మొదట అనుమానించాల్సింది గజ్జిని. పర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా రాసి రాత్రంతా ఉంచుకోవాలి, వారం తర్వాత మళ్లీ రాయాలి. గదిలో వాళ్లందరూ ఒకే రోజు రాసుకోకపోతే ప్రయోజనం లేదు.

ఈ ప్రాంతంలో జుట్టు ఊడినా, ఒళ్లు దురదపెట్టినా మొదటి నింద బోరునీళ్ల మీద, ట్యాంకరు నీళ్ల మీద పడుతుంది. ఉప్పునీళ్లలో సబ్బు సరిగా కడుక్కుపోక చర్మం బిగుసుకునే మాట నిజమే. అయితే ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద జరిపిన పరీక్షలో, నీటి సాఫ్ట్‌నర్ బిగించిన ఇళ్లలో ఎగ్జిమా అదనంగా ఏమీ తగ్గలేదని 2011లో తేలింది. దానికంటే చవకైన ఉపాయం ఉంది. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించి, ఒంటి తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ దట్టంగా రాయాలి. రోజంతా ఏసీలో కూర్చునేవాళ్లు ఆఫీసులో చేతులకు మరోసారి రాసుకోవడం మేలు.

చర్మం మీద మచ్చా పొక్కూ ఏమీ లేకుండా ఒళ్లంతా దురదపెడితే వైద్యులు రక్తపరీక్షలు రాస్తారు. కిడ్నీ, లివర్, థైరాయిడ్, షుగర్, ఐరన్ లోపం చూస్తారు. డయాలసిస్ రోగుల దురదకు డిఫెలికెఫాలిన్ అనే ఇంజక్షన్‌ను 2021లో, తీవ్రమైన ఎగ్జిమాకు డూపిలుమాబ్‌ను 2017లో అమెరికా అనుమతించింది.