మనిషి కొలతకు కొయ్య: గురి రైఫిల్ చెప్పే చరిత్ర



మన గూడేల్లో విల్లు కట్టేవాళ్లు అది ఎవరి చేతికో ముందు చూస్తారు. పిల్లవాడికి చిన్న విల్లు, పెద్దవాడికి పెద్ద విల్లు. ఈ సంగతి తుపాకీల లోకంలో స్థిరపడటానికి చాలా కాలం పట్టింది. ఆ చరిత్ర మేమెందుకు తెలుసుకోవలసి వచ్చిందో ముందుగా చెబుతాం.

కొన్నేళ్ల క్రితం మా హాస్టల్ పిల్లల్ని ఎన్‌సీసీ శిబిరానికి పంపాం. అక్కడ చేతికిచ్చిన పాయింట్ 22 డీలక్స్ రైఫిల్ పొడవు 43 అంగుళాలు, బరువు దాదాపు 2.8 కిలోలు. మా పిల్లల్లో ఒకమ్మాయి అయిదడుగులు కూడా ఉండదు. తుపాకీ మడమను భుజానికి ఆనిస్తే వేలు ట్రిగ్గర్‌కు సరిగా అందదు. వేలు అందేలా జరిగితే చెంప కర్ర మీద కుదరదు. అయిదు గుళ్లూ అయిదు చోట్ల పడ్డాయి. "ఈ పిల్లకు గురి లేదు" అన్నారు. మేమూ నమ్మాం.

తుపాకీ గొట్టాన్నీ యంత్రాన్నీ మోసే కర్ర భాగమే స్టాక్. సైన్యాలకు వేల తుపాకులు కావాలి కనుక ఒకే అచ్చులో చేయడం వాళ్లకు అలవాటు. అయినా 1904 నాటి బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు మడమ విడి ముక్కగా ఉండేది. పొట్టి, మామూలు, పొడవు అని వేర్వేరు కొలతల్లో వచ్చేది. మన దేశంలో బెంగాల్‌లోని ఈషాపూర్ కర్మాగారం ఈ రైఫిళ్లను తయారుచేసింది. సిపాయిలందరి చేతులూ ఒకే పొడవు కాదని సైన్యమే ఒప్పుకుందన్నమాట.

గురి పోటీలు ఇంకా ముందుకు వెళ్లాయి. 1897లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగిన తొలి ప్రపంచ పోటీల్లో 300 మీటర్ల జట్టు విజయం స్విట్జర్లాండ్‌ది. తరువాతి కాలంలో 'ఫ్రీ రైఫిల్' అనే రకం బాగా పెరిగింది. అరచేతికి ఆనే గుబ్బ, బొటనవేలు దూర్చే రంధ్రం, చంక కింద పట్టి ఉంచే కొక్కెం, ఇవన్నీ కాల్చేవారి ఒంటిని బట్టి అమర్చుకున్నవే.

అలాంటి స్టాక్ చేసే వడ్రంగి ముందు మనిషిని కొలుస్తాడు. ట్రిగ్గర్ నుంచి భుజం దాకా ఎంత? మెడ వంచకుండా కన్ను గురికి చేరాలంటే చెంప దిమ్మ ఎంత ఎత్తుండాలి? అరచెయ్యి ఎంత? ఆ తరువాతే కొయ్య. బాగా ఆరిన అక్రోటు కొయ్య శ్రేష్ఠం. పిడి సన్నబడే చోట నార నిలువుగా సాగాలి, అడ్డం తిరిగితే అక్కడే విరుగుతుంది. ఇనుముకు మసి పూసి కొయ్యలో అదుముతారు. మసి అంటిన చోట మాత్రమే కొద్దికొద్దిగా గీకుతారు. ఇనుము అంతటా ఒకేలా కూర్చునే దాకా ఇదే పని. గొట్టానికీ కొయ్యకూ నడుమ కాగితం దూరేంత సందు వదులుతారు. లేకపోతే తేమకు కొయ్య ఉబ్బి గొట్టాన్ని నెడుతుంది, గురి మారిపోతుంది. తరువాత పలకలు అంటించిన కొయ్య, ఎపాక్సీ జిగురు, చివరకు అల్యూమినియం వచ్చాయి. ఇప్పుడు మరలు తిప్పితే మడమ, చెంప దిమ్మ జరుగుతాయి. ఒకే రైఫిల్‌ను పదిమందికి సరిచేయవచ్చు.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటరాదు. అంత చిన్న చుక్క ముందు మెడ బిగుసుకున్నా గురి నిలవదు. ఒంటికి అమరిన రైఫిల్ ఉంటే ఆడా మగా తేడా ఏముంది? 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో స్త్రీపురుషులు కలిసి పోటీపడ్డ రైఫిల్ పోటీలో అమెరికాకు చెందిన మార్గరెట్ మర్డాక్ మొదటి స్థానంలో ఉన్న పురుషుడితో సమానంగా 1162 పాయింట్లు సాధించి రజతం గెలిచారు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చారు.

ఏటా యూనిఫాం కుట్టించేటప్పుడు టైలరును పిలిచి ఒక్కొక్క పిల్లకూ కొలత తీయిస్తాం. తుపాకీ దగ్గర ఆ మాట అడగాలని మాకు తోచలేదు. ఆ అమ్మాయి చదువు ముగించి వెళ్లిపోయింది, మళ్లీ రైఫిల్ పట్టలేదు. ఆ తప్పులో మా భాగం ఉంది.

పిల్లల్ని ఆటలకు పంపే తల్లిదండ్రులకు, తోటి వార్డెన్లకు మా మనవి ఒక్కటే. పిల్లకు గురి లేదని ఎవరైనా అంటే, చేతికిచ్చినది ఎవరి కొలతదో ముందు అడగండి. విల్లు కట్టిన మన పెద్దలు అదే అడిగేవారు.

జోహార్ ఆదివాసీ!