పుప్పిగోరు
కాలిగోరు పసుపువన్నెకో గోధుమవన్నెకో తిరిగి, దళసరియై, అంచున పొడిపొడిగా రాలు మొండివ్యాధి. దెబ్బతగిలి నల్లబడి గరుకెక్కిన గోరును సుశ్రుతుఁడు కునఖమని క్షుద్రరోగములలోఁ జేర్చెను. ద్రాక్షారామ ప్రాంతమున, గోదావరి కాలువనీటఁ బండు వరిచేలలో, నాట్లకాలమున దినమెల్ల బురదలో నిలుచు కూలీల పాదములు తడియాఱకపోవుటచే ఈ వ్యాధికి మూలమగు శిలీంధ్రము గోటిక్రిందఁ జేరుట సులభము.

గృహవైద్యమున గోరింటాకు ప్రసిద్ధము. ఆకును మెత్తగా నూఱి, గోరు మునుఁగునట్లు పట్టించి, రాత్రియంతయు నుంతురు. అందలి లాసోన్ అను వర్ణద్రవ్యమునకు శిలీంధ్రనిరోధక గుణము కలదని ప్రయోగశాలలలో తేలినను, దాని యెఱుపు గోటివన్నెను మఱుఁగుపఱచునే కాని లోపలి వ్యాధిని తుదముట్టించునని చెప్పఁజాలము. వేపనూనె సంగతియు నింతే. మధుమేహులును, గోటిక్రింద క్రొత్తగా నల్లచార కనఁబడినవారును ఆలసింపక వైద్యునిఁ జూడవలెను. తగిన మందు వాడినను, బొటనవ్రేలి గోరు మొదలునుండి అంచువఱకు క్రొత్తగా పెరుగుటకు 12 మొదలు 18 నెలలు పట్టును.