ఒక్క ట్యూబు రక్తంతో అన్నీ తేలవు

జిల్లా ఆసుపత్రిలో మీరు ఓపీ చీటీ రాయించుకుంటున్నారు. ఏ డాక్టరు కావాలని కౌంటర్లో అడిగితే "చర్మం" అని గొణిగారు. వరండా చివర 'సురక్ష క్లినిక్' బోర్డు. బెంచీ మీదున్న నలుగురూ ఎవరి ఫోన్లోకి వాళ్లు తల దూర్చేశారు. మీరూ అంతే.

మీ వంతు వచ్చింది. కౌన్సెలర్ తలుపు దగ్గరగా వేసి కుర్చీ చూపించింది.

"అన్ని టెస్టులూ రాసెయ్యండి మేడమ్."

"రాస్తాను. ముందు ఏం జరిగిందో చెప్పండి."

ఎప్పుడు కలిశారు? ఆడవారితోనా, మగవారితోనా? కండోమ్ వాడారా? నోటితో కూడానా? మీ చెవులు వేడెక్కుతున్నాయి, ఆమె ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. ఏమీ దాచకండి. ఏ పరీక్ష, ఎక్కడి నమూనా, ఎప్పుడు అన్నది తేల్చేది మీ జవాబులే. గొంతులో దాక్కున్న గనేరియా మూత్రంలో కనబడదు.

"రెండు నెలలైంది" అన్నారు. ఆమె తేదీ వేసుకుంది. హెచ్‌ఐవి ర్యాపిడ్ టెస్టు పట్టుకునేది యాంటీబాడీలను. అవి ఒంట్లో తయారవడానికి టైము పడుతుంది. ఈరోజు నెగెటివ్ వచ్చినా మూడు నెలలు నిండాక మళ్లీ రావాల్సిందే. తర్వాత సమ్మతి పత్రం మీ ముందు పెట్టింది. మీరు ఒప్పుకోకుండా ఈ పరీక్ష చేయకూడదనీ, మీ వివరాలు గుట్టుగా ఉంచాలనీ 2017 నాటి చట్టం చెబుతోంది. సంతకం చేయండి.

ల్యాబ్‌లో మోచేతి పైన రబ్బరు పట్టీ బిగిసింది. "పిడికిలి బిగించండి." స్పిరిట్ చల్లదనం, వెంటనే సూది చురుక్కు. హెచ్‌ఐవి, సిఫిలిస్, హెపటైటిస్ బి, సి రక్తంలో తెలుస్తాయి. గనేరియా, క్లమీడియాలకు మూత్రం పీసీఆర్ కావాలి. అది అన్నిచోట్లా ఉండదు, బయటి ల్యాబ్‌కు రాసిచ్చారు. మామూలు మూత్ర పరీక్షకు మొదటి ధార వదిలేయమంటారు. దీనికి ఆ మొదటి ధారే కావాలి, అదీ కనీసం గంటసేపు ఆపుకున్నాక. హెర్పిస్‌కైతే పుండు ఉన్నప్పుడు దాని నుంచే నమూనా తీస్తారు. ఏ లక్షణమూ లేనివాళ్లకు రక్తపరీక్ష సాధారణంగా రాయరు.

లోపల టెక్నీషియన్ సిఫిలిస్ పరీక్షకు మీ రక్తం నుంచి వేరుచేసిన సీరమ్‌ను తెల్లకార్డు మీది వలయంలో పరిచాడు. దానిపై సన్నటి బొగ్గు రేణువులు కలిపిన ద్రవం ఒక చుక్క వేశాడు. కార్డు యంత్రం మీద ఎనిమిది నిమిషాలు తిరిగింది. పక్క వలయంలో బూడిదరంగు సమంగా పరుచుకుంది. మీ వలయంలో నల్లటి రేణువులు గుంపులు కట్టాయి.

మళ్లీ అదే కుర్చీ.

"హెచ్‌ఐవి నెగెటివ్. సిఫిలిస్ పరీక్ష రియాక్టివ్ వచ్చింది. కింద పుండేమైనా లేచిందా?"

"లేచింది మేడమ్. నొప్పి లేదు. దానంతటదే మానిపోయింది."

మానింది పుండే, జబ్బు కాదు. వేరే కారణాల వల్లా ఈ పరీక్ష రియాక్టివ్ కావచ్చు కాబట్టి టీపీహెచ్‌ఏ అనే మరో పరీక్షతో ఖాయం చేసుకున్నారు. మీది తొలిదశ. మందు పడుతుందో లేదో చూసి, బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకూ చెరి సగం. నొప్పి పుడుతుంది. కానీ ఈ ఒక్క మోతాదుతో నయమవుతుంది.

"ఇంట్లో ఆవిడ గర్భవతి అన్నారు కదా, ఎన్నో నెల?"

"మూడు."

గర్భిణికి సోకితే గర్భం పోవచ్చు, బిడ్డ చనిపోయి పుట్టవచ్చు. వేళకు పరీక్ష చేసి అదే పెన్సిలిన్ ఇస్తే తల్లితోపాటు బిడ్డనూ కాపాడుకోవచ్చు. మీ నోట మాట రావడం లేదు.

"మీరు చెప్పలేకపోతే ఇక్కడికి తీసుకురండి. నేనుండగా చెబుదురుగాని."

ఇక్కడిదాకా వచ్చి నిజం చెప్పడానికి ధైర్యం కావాలి, అది మీకుంది. మీ భార్యకూ ఆ నిజం తెలియాలి. ఆమె ఒంటికి సంబంధించిన సంగతిని ఆమె దగ్గరే దాచే హక్కు మీకు లేదు. రేపటిదాకా ఆగకండి, ఈరోజే చెప్పండి.