స్టూల్ మీద నిలబడ్డ మనిషి: పిల్లల గుండె ఆపరేషన్ల చరిత్రలో ఒక పేజీ



2023 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ నుంచి ఒక డాక్టర్ల బృందం హైదరాబాద్ నిమ్స్‌కు వచ్చింది. లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల దవాఖానలో పనిచేసే తెలుగు సర్జన్ దన్నపునేని వెంకట రమణ దానికి పెద్ద. ఇక్కడి డాక్టర్లతో కలిసి పేద పిల్లల గుండెలకు పైసా తీసుకోకుండా ఆపరేషన్లు చేశారు. మరుసటి ఏడాది మళ్ళీ వచ్చారు. మంచి పని. అందులో నాకు పేచీ లేదు. కానీ డాక్టర్లకు దండం పెట్టి ఊరుకుంటే ఈ వైద్యం చరిత్ర మనకు తెలియకుండానే పోతుంది. ఆ చరిత్ర మొదట్లో మనలాంటి మనిషి ఒకడున్నాడు.

1944 నవంబర్ 29. అమెరికాలో బాల్టిమోర్ నగరం, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. టేబుల్ మీద ఐలీన్ శాక్సన్ అనే పదిహేను నెలల పాప. పుట్టుకతోనే గుండెలో లోపం. ఊపిరితిత్తులకు చాలినంత రక్తం పోదు, పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి. ఈ పిల్లలకు ఏదన్నా దారి చూడమని పట్టుబట్టింది హెలెన్ టాసిగ్ అనే పిల్లల డాక్టరమ్మ. చేతికి పోయే రక్తనాళాన్ని మళ్ళించి ఊపిరితిత్తుల నాళానికి కుట్టాలి. కత్తి పట్టింది ఆల్ఫ్రెడ్ బ్లాలాక్. ఆయన భుజం వెనక స్టూల్ మీద నిలబడి, కుట్టు ఎటు నుంచి ఎటు పడాలో చెప్పింది వివియన్ థామస్.

థామస్ నల్లజాతి మనిషి, వడ్రంగి కొడుకు. డాక్టరు చదువు కోసం దాచుకున్న పైసలు మాంద్యంలో బ్యాంకుతో పాటే మునిగిపోయినయి. 1930లో బ్లాలాక్ ల్యాబ్‌లో పనికి కుదిరిండు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో పరిశోధకుడు చేసే పనంతా చేసేటోడు, జీతాల పట్టీలో మాత్రం ఊడ్చే మనిషి. హాప్కిన్స్‌కు వచ్చాక ఈ ఆపరేషన్‌ను కుక్కల మీద చేసి చేసి సాధించింది ఆయనే. ఆ రోజు దాకా బ్లాలాక్ కుక్క మీద కూడా దీన్ని సొంతంగా పూర్తిగా చేసింది లేదు. ఐలీన్ కొన్ని నెలలే బతికింది. ఆ తర్వాతి పిల్లలు నిలబడ్డారు. 1945లో అచ్చయిన వ్యాసంలో బ్లాలాక్, టాసిగ్ పేర్లే ఉన్నాయి. థామస్ బొమ్మ హాప్కిన్స్ గోడకు ఎక్కింది 1971లో. గౌరవ డాక్టరేట్ 1976లో. ఇప్పుడిప్పుడే ఆ ఆపరేషన్‌ను బ్లాలాక్–థామస్–టాసిగ్ షంట్ అంటున్నారు.

అదే 1944లో మన దగ్గర ఇంకోటి జరిగింది. బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడు. కార్మికుల ఆరోగ్య బీమా మీద బి.పి. అదార్కర్ నివేదిక ఆ శాఖకు ఆగస్టులో అందింది. 1948 ఇ.ఎస్.ఐ. చట్టానికి అదే పునాది. వైద్యం దొరల దయ కాదు, పనిచేసేటోడి హక్కు అన్న మాట చట్టంలోకి ఎక్కిన దారి అది. అయితే ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. మన మాదిగవాడలో వ్యవసాయ కూలికి, ఉట్నూరు గూడెంలో గోండు, కోలాం కుటుంబానికి ఇ.ఎస్.ఐ. లేదు. వాళ్ళకు మిగిలింది ఎమ్మెల్యే ఉత్తరం, ముఖ్యమంత్రి సహాయ నిధి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాకనే తెల్ల కార్డు చూపించి గుండె ఆపరేషన్ అడిగే వీలయింది. 2023 డిసెంబర్ 9 నుంచి దాని పరిమితి 10 లక్షలు. లోపాలు ఎన్నయినా ఉండనీ, బిడ్డ ప్రాణం కోసం ఒకరి గడప ముందు చేతులు కట్టుకోవాల్సిన పని తగ్గింది.

ఇగ దూరం సంగతి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. ఆపరేషన్‌కు కార్డు ఉంది, తల్లిదండ్రులిద్దరూ పోగొట్టుకునే కూలికి ఏ కార్డూ లేదు. అంతకన్నా ముందు జబ్బు ఉందని ఎవరో కనిపెట్టాలి. వెయ్యి మంది పుడితే సుమారు ఎనిమిది మందికి గుండెలో లోపం ఉంటుంది. ఆడుకుంటూ ఆడుకుంటూ గొంతుక్కూర్చునే పోరడిని, పాలు తాగలేక చెమటలు పట్టే పసిదాన్ని ముందు చూసేది అంగన్‌వాడీ టీచర్, ఆశ కార్యకర్త. మన ప్రాంతంలో వీళ్ళలో చాలామంది దళిత, ఆదివాసీ, బీసీ ఆడోళ్ళు. ఒకరికి 'గౌరవ వేతనం', ఇంకొకరికి 'ప్రోత్సాహకం'. జీతం అనే మాట ఇద్దరికీ లేదు. థామస్ జీతాల పట్టీ చదివినప్పుడు నాకు యాదికొచ్చింది వీళ్ళే.

పుట్టుకతో రాని గుండెజబ్బు ఇంకోటుంది, రుమాటిక్. ఇరుకింట్లో ఒకరి గొంతునొప్పి ఇంకొకరికి అంటుకుని, దానికి మందు పడక, కీళ్ళ జ్వరమై, గుండె కవాటాలను పాడుచేస్తుంది. దీన్ని మళ్ళీ రాకుండా ఆపేది మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూది. దానికి లివర్‌పూల్ నుంచి ఎవరూ రానక్కర్లేదు. పి.హెచ్.సి.లో సూది, సూది వేసే నర్సు ఉంటే చాలు.

హాస్టళ్ళలో, గురుకులాల్లో పనిచేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక పని చేయండి. 2013 నుంచి నడుస్తున్న ఆర్.బి.ఎస్.కె. పథకం కింద డాక్టర్ల వ్యాన్ మీ బడికి రావాలి. ఈ ఏడాది ఎన్నిసార్లు వచ్చింది, ఎవరిని పెద్ద దవాఖానకు రాసింది, వాళ్ళలో ఎవరు పోలేకపోయారు? రిజిస్టర్ చూసి పేర్లు రాసుకోండి.