సోయాచిక్కుడు విత్తనాలపై గామా వికిరణ ప్రభావం

సోయాచిక్కుడు విత్తనాల గామా వికిరణం అంటే కోబాల్ట్-60 వంటి రేడియోధార్మిక ఐసోటోపుల నుంచి వెలువడే గామా కిరణాలను పొడి విత్తనాలపై నిర్ణీత మోతాదులో ప్రసరింపజేయడం. మోతాదును గ్రేలలో కొలుస్తారు; 1 గ్రే అంటే కిలోకు 1 జౌల్ శక్తి.

సోయా గింజలో సుమారు 40 శాతం ప్రోటీన్, 20 శాతం నూనె ఉంటాయి. పైపొర పలుచన. నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఆక్సీకరణకు లోనై కణపొరలు దెబ్బతినడం వల్ల నిల్వలో మొలకశక్తి వేగంగా తగ్గుతుంది. అందుకే భారతదేశంలో ధ్రువీకృత సోయా విత్తనానికి కనీస మొలక 70 శాతంగా నిర్ణయించారు.

గామా కిరణాలు విత్తనంలోని నీటి అణువులను చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తాయి. ఇవి కణపొరలనూ డీఎన్‌ఏనూ గాయపరుస్తాయి. ప్రతిగా సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్, ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ అనే రక్షణ ఎంజైముల జన్యువులు చురుకవుతాయి. తక్కువ మోతాదులో మొలక, నారు ఎదుగుదల కొన్నిసార్లు మెరుగుపడతాయి. ఫలితం రకాన్నీ తేమనూ బట్టి మారుతుంది. మోతాదు పెరిగితే రక్షణ వ్యవస్థ చాలక ఎదుగుదల కుంటుపడుతుంది.

ఉత్పరివర్తన ప్రజననం, అంటే జన్యువుల్లో మార్పులు తెచ్చి కొత్త రకాలను రూపొందించడం, గామా వికిరణపు ముఖ్య ప్రయోజనం. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన టీఏఎంఎస్-38 ఇలాంటి సోయా రకమే. తెలంగాణలో సోయాను ప్రధానంగా ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో పండిస్తారు.